లింఫు నాళాల ఆయకట్టు

రాష్ట్రంలో ఏ ఆఫీసుకు వెళ్లినా ఆ ఏడాది ఒకటే మాట వినిపించేది. పురోగతి. ప్రతి ప్రభుత్వ సంస్థా తన పనిలో ఎంత పెరుగుదల చూపించిందో నెలనెలా రాజధానికి తెలియజేయాలని ఉత్తర్వు వచ్చింది. రాజధానిలో ఒక పెద్ద తెర పెట్టారు. పెరిగిన సంస్థ పేరు దాని మీద ఆకుపచ్చగా వెలుగుతుంది, తగ్గిన సంస్థ పేరు ఎర్రగా. ఎర్రబడిన సంస్థల అధిపతులను పిలిపించి నిలబెట్టి మాట్లాడతారని, మంచినీళ్లు కూడా ఇవ్వరని చెప్పుకునేవారు.

గోదావరి కాలువల సీమలో ఒక క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉండేది. దాని డైరెక్టరు త్రివిక్రమరావు గారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఉత్తర్వు చదువుకుని ఆయన సంస్థ అంతా కలయతిరిగారు. ఆవరణలో వయ్యారిభామ మొక్కలు తప్ప పెరుగుతున్నది ఏదీ ఆయన కంటికి ఆనలేదు. దిగులుగా కూర్చుని ప్రాజెక్టుల పేర్లు తెలుగులో చదివించుకుంటూ ఉండగా ఒక పేరు దగ్గర ఆయన లేచి నిలబడ్డారు. "గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పురోగతిలో జన్యు వ్యక్తీకరణ, శోషరస నాళాల వృద్ధి." పురోగతీ ఉంది, వృద్ధీ ఉంది. రెండూ ఒకే పేరులో ఉన్నాయి. ఇంత కాలం ఈ ఆణిముత్యాన్ని ఎవరు దాచారని ఆయన ఆశ్చర్యపోయారు.

దాన్ని ఎవరూ దాచలేదు. ఆ ప్రాజెక్టు డాక్టర్ హైమవతిది. ఆవిడ పాథాలజిస్టు. ఉద్యోగ జీవితంలో సగం పైన మైక్రోస్కోపు మీదికి వంగే గడిపింది కాబట్టి మెడ కాస్త ముందుకు వంగి ఉండేది. తక్కువ మాట్లాడేది. రోజూ మధ్యాహ్నం మాత్రం వార్డులోకి వెళ్లి, పొద్దున గాజుపలక మీద తాను చూసిన ముక్క ఏ మనిషిదో ఆ మనిషి పక్కన కాసేపు కూర్చుని వచ్చేది. ముక్కను చూసి మనిషిని చూడకపోతే తనకు అన్నం సయించదని భర్తతో అనేది.

ఆవిడ చేస్తున్న పని వార్డులో ఆడవాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పగలిగేది. గర్భసంచి ముఖం దగ్గర కణితి పుడుతుంది. పుట్టినచోటే ఉంటే కోసి తీసేయొచ్చు, కరెంటు పెట్టి మాడ్చొచ్చు. కానీ కొన్ని కణితుల్లో ఒక జన్యువు విపరీతంగా పనిచేయడం మొదలుపెట్టి, చుట్టుపక్కలకు ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందుకుని శోషరస నాళాలు, అంటే లింఫు నాళాలు, కొత్త చిగుళ్లు వేసి కణితి వైపు పాకుతాయి. కణితిలోని కణాలు ఆ నాళాల్లోకి దిగి, కటి భాగంలో ఉండే లింఫు గ్రంథులకు చేరతాయి. అక్కడికి చేరాక పట్టుకోవడం కష్టం. ఆ సంకేతాన్ని అడ్డుకునే ఒక ఇంజెక్షన్‌ను మామూలు చికిత్సతో పాటు ఇచ్చి చూడడం హైమవతి చేయబోతున్న పరీక్ష. ఒప్పుకున్న ఆడవాళ్లు వార్డులో ఉన్నారు. ఇంజెక్షన్లు రావలసి ఉంది.

ఈలోగా సమీక్ష వచ్చింది. సమీక్ష చేసే ప్రత్యేకాధికారి పేరు భానుమూర్తి. మనిషి నిజాయితీపరుడు, వేళకు వచ్చేవాడు, ఒకరి దగ్గర కాఫీ కూడా తాగేవాడు కాదు. అంతకు ముందు ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో చేశాడు. లింఫు నాళం అంటే ఏమిటని అడిగితే, శరీరంలో నీరులాంటి ద్రవాన్ని తీసుకెళ్లే సన్నని కాలువ అని హైమవతి చెప్పింది. కాలువ అన్న మాటతో ఆయన ముఖం విప్పారింది. ఆ తర్వాత ఆవిడ చెప్పినది ఆయన చెవికి ఎక్కలేదు.

"కొత్త కాలువలు ఎన్ని పడ్డాయి?" అని అడిగాడు.

కొందరిలో మామూలు కంటే మూడింతలు ఎక్కువ ఉన్నాయని ఆవిడ చెప్పింది. దీనికి భూసేకరణ ఎవరు చేశారు, కాంట్రాక్టరు ఎవరు అన్నాడాయన. కణితే చేసుకుంటుందని ఆవిడ చెప్పింది. భానుమూర్తి కుర్చీలో వెనక్కి వాలాడు. తాను ఒక పిల్లకాలువ తవ్వించడానికి పడ్డ అవస్థలు ఆయనకు గుర్తుకొచ్చాయి. టెండరు లేకుండా, కోర్టు కేసు లేకుండా, వారాల్లో ఇన్ని కాలువలు తవ్వుకున్న కణితి మీద ఆయనకు గౌరవం కలిగింది.

"శివారు దాకా అందుతోందా?"

"గ్రంథుల దాకానా? కొందరికి అందిందండి. అదే మా భయం."

"శివారు ఆయకట్టుకి అందించారంటే మాటలు కాదమ్మా. మీరు మరీ తగ్గించుకుని మాట్లాడుతున్నారు," అన్నాడాయన.

ఆ నెల సంస్థ పేరు తెర మీద ఆకుపచ్చగా వెలిగింది. మరుసటి నెల రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చింది. త్రివిక్రమరావు గారు స్వీట్లు పంచారు. ఆ పురోగతి క్యాన్సర్‌దని, మనది కాదని హైమవతి ఆయన గదిలోకి వెళ్లి చెప్పింది. క్యాన్సర్ మన సంస్థలో ఉన్నప్పుడు దాని పురోగతి మన సంస్థ పురోగతే అవుతుంది కదమ్మా అని ఆయన బుజ్జగించారు. రిటైరయ్యేదాకా ఓపిక పట్టమని కూడా అన్నారు.

రాజధాని వాళ్లు అంతటితో ఊరుకోలేదు. ఉత్తమ వృద్ధి సాధించిన యూనిట్‌ను సన్మానించమన్నారు. సంస్థ లెక్కల ప్రకారం యూనిట్ అంటే ఒక కణితి. అన్నిటికన్నా ఎక్కువ నాళాలు మొలిపించిన కణితి అచ్చియ్యమ్మది. ఆవిడ రొయ్యల ఫ్యాక్టరీలో రొయ్యలు వొలిచే మనిషి. నలభై దాటాయి. చన్నీళ్లలో నాని వేళ్లు ఎప్పుడూ తెల్లగా పాలిపోయి ఉండేవి. కణితిని వేదిక మీదికి పిలవడం కుదరదు కనుక, దాని నిర్వాహకురాలి హోదాలో అచ్చియ్యమ్మను చక్రాల కుర్చీలో తీసుకెళ్లారు. భానుమూర్తి ప్రసంగించాడు. పరిమిత వనరులతో, ప్రతికూల పరిస్థితుల్లో, ఎవరి ప్రోత్సాహమూ లేకుండా ఈ యూనిట్ సాధించిన విస్తరణ మిగతా యూనిట్లకు ఆదర్శం కావాలని కోరాడు. మిగతా యూనిట్లు ముందు వరసలో నైటీల మీద తువ్వాళ్లు కప్పుకుని కూర్చుని ఉన్నాయి.

అచ్చియ్యమ్మకు శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆవిడ మైకు వైపు అనుమానంగా చూసింది.

"ఇది నేను కావాలని పెంచింది కాదండి. ఎవరైనా తీసుకుంటానంటే ఇచ్చేస్తానండి, ఆయ్," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. హైమవతి లేచి బయటికి వెళ్లి, కొళాయి దగ్గర ముఖం కడుక్కుని మళ్లీ వచ్చింది. కుర్చీ నెట్టడానికి తనే కావాలని అచ్చియ్యమ్మ అడిగింది కాబట్టి రాక తప్పలేదు.

ఆ వారంలోనే ఇంజెక్షన్లు వచ్చాయి. మొదలుపెట్టారు. కొన్ని వారాల తర్వాత ముక్క పరీక్షలు చేసి హైమవతి మైక్రోస్కోపులో చూసింది. చాలామందిలో కొత్త చిగుళ్లు ఆగిపోయాయి. కొందరిలో ఉన్నవి కూడా ముడుచుకుపోతున్నాయి. ఆవిడ నమ్మలేక రంగులు మళ్లీ వేయించి మళ్లీ చూసింది. ఆ మధ్యాహ్నం వార్డులో ఎప్పటికంటే ఎక్కువసేపు కూర్చుంది. ఇది మందు గెలిచినట్టు కాదని, ఇంకా చాలా చూడాలని అందరికీ జాగ్రత్తగా చెప్పింది. చెబుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆవిడ నవ్వడం చూసి వాళ్లూ నవ్వారు.

నెలాఖరుకు సంస్థ పేరు ఎర్రబడింది. ఎంత ఎర్రగా అంటే, ఆ తెర అమ్మిన కంపెనీ వాళ్లు తెర పాడైందేమోనని చూసి వెళ్లారట.

హైమవతికి మెమో అందింది. నిర్మాణంలో ఉన్న నాళాలు ఆమె పర్యవేక్షణలో ఆగిపోవడానికీ, పూర్తయిన నాళాలు పూడిపోవడానికీ బాధ్యులెవరో తెలపాలని అందులో ఉంది. దీనికి కారణం కణితిలోని ఒక జన్యువు వ్యక్తీకరణను అడ్డుకోవడమేనని ఆవిడ నిజం చెప్పింది. దాంతో చిక్కు పెద్దదైంది. భానుమూర్తి ఆవిడను పిలిచి, ప్రభుత్వ సంస్థలో ఉన్న జన్యువు అంతకుముందు ఎవరి అనుమతితో వ్యక్తీకరించిందని అడిగాడు. ఏ అనుమతీ లేదంది ఆవిడ. అనుమతి లేకుండా అభిప్రాయాలు వ్యక్తం చేయడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధమని, అయితే దాన్ని అడ్డుకునే అధికారం క్రమశిక్షణ సంఘానికే ఉంటుందని, పాథాలజిస్టుకు ఉండదని ఆయన వివరించాడు.

"మరి వృద్ధి ఉద్దేశపూర్వకంగానే తగ్గించారా?"

"అందుకోసమే మందు ఇచ్చానండి."

"అంటే ఒప్పుకుంటున్నారు."

"ఒప్పుకోవడమేంటండి. అదే నా పని."

ఆయన చాలా బాధపడ్డాడు. చదువుకున్న మనిషి ఇంత తేలిగ్గా నేరం ఒప్పుకోవడం ఆయన సర్వీసులో చూడలేదు. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది: వృద్ధి నిరోధక చర్యలన్నీ తక్షణం నిలిపివేయాలి. ఇంజెక్షన్లు ఉన్న ఫ్రిజ్‌కు సీలు వేశారు. మామూలు చికిత్స కొనసాగింది, ఇంజెక్షన్ మాత్రం ఆగింది. హైమవతి నైతిక కమిటీకి మొరపెట్టుకుంది. అది పురోగతి విషయం కాబట్టి తమ పరిధిలోకి రాదని వాళ్లు చెప్పారు. డైరెక్టరు గారు తలుపు దగ్గరికి వేసుకున్నారు. ఆవిడ ప్రతిరోజూ వార్డుకు వెళ్లి ఏమీ చెప్పలేక కూర్చుని వచ్చేది. వారాలు గడిచాక చేసిన పరీక్షలో అచ్చియ్యమ్మ కణితి చుట్టూ చిగుళ్లు మళ్లీ మొదలయ్యాయి. సంస్థ పేరు ఆకుపచ్చ వైపు తిరుగుతోందని డైరెక్టరు గారికి ఫోన్ వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం భానుమూర్తి హైమవతి గదికి ఒంటరిగా వచ్చాడు. చేతిలో ఫైలు లేదు. వెంట బంట్రోతు లేడు. ఆవిడ కుర్చీ చూపించింది. ఆయన కూర్చుని టేబులు అంచు పట్టుకున్నాడు.

భార్య మంగతాయారుకు నెలసరి ఆగిపోయి ఏళ్లయ్యాక మళ్లీ రక్తం కనిపిస్తోందట. కొన్ని నెలలుగా ఉందట. ఆయన సమీక్షల్లో తలమునకలుగా ఉన్నాడని చెప్పలేదట. పరీక్ష చేయిస్తే ముక్క ఈ సంస్థకే వచ్చిందని విని వచ్చాడు.

హైమవతికి ఆ ముక్క ఏదో తెలుసు. పొద్దునే చూసింది. పేరు చూసినా, అది ఈయన భార్యదని ఆవిడకు తట్టలేదు. ఆవిడ మాటలతో చెప్పకుండా గాజుపలక పెట్టి, మైక్రోస్కోపు ఆయన ఎత్తుకు సరిచేసింది. ఇన్ని నెలల సమీక్షలో ఆయన దాంట్లోకి చూడడం అదే మొదటిసారి. చాలాసేపు చూశాడు.

"గోధుమరంగులో పాకుతున్నవి..."

"అవేనండి."

"ఇవి కాలువలు కావు," అన్నాడు ఆయన మెల్లగా. తల ఎత్తకుండానే, "ఆయకట్టు దాకా పోయాయా?" అని అడిగాడు. ఆయనకు వేరే మాట రాలేదు.

"ఇంకా పోలేదండి. దారిలో ఉన్నాయి."

"ఆపెయ్యండమ్మా."

"మీ ఉత్తర్వు ఉంది కదండీ," అంది హైమవతి. ఆ మాట ఎన్ని వారాలుగానో అనాలనుకుంది. అన్నాక సంతోషం ఏమీ కలగలేదు.

ఆయన ఆ ఉత్తర్వు రద్దు చేద్దామని నిజంగానే ప్రయత్నించాడు. రద్దు చేయాలంటే వృద్ధి వల్ల నష్టం ఉందని రాష్ట్ర స్థాయిలో తేలాలి. వృద్ధి వల్ల నష్టం ఉండదని అంతకుముందే ఒక ఉత్తర్వు ఉంది. కానీ మినహాయింపు ఇచ్చే అధికారం ఆయనకు ఉంది. పర్యవేక్షణాధికారుల జీవిత భాగస్వాములు, తోబుట్టువుల విషయంలో వృద్ధి నిరోధక చర్యలను అనుమతించడమైనది అని జారీ చేశాడు. ఒక్క పేరుతో ఇస్తే స్వార్థమనుకుంటారని తోబుట్టువులను కలిపాడు. ఆయనకు తోబుట్టువులు లేరు.

ఆ ఉత్తర్వు అందుకుని హైమవతి రెండుసార్లు చదివింది. లేచి వార్డుకు వెళ్లింది. ఆడవాళ్లను ఒక మంచం చుట్టూ చేర్చి, ఫలానా ఆయనకు తోబుట్టువులుగా ఉండడానికి మీలో ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగింది. మెహరున్నీసా తన పేరుతో ఎలా కుదురుతుందని సందేహం వెలిబుచ్చింది. ఎస్తేరు, ఆయనకు తెలుసా అని అడిగింది. తెలియదని హైమవతి నిజమే చెప్పింది.

అచ్చియ్యమ్మ మాత్రం ఆలోచించి, "మనిషి ఎలాంటోడండి?" అంది.

"చెడ్డవాడు కాదమ్మా."

"అయితే అన్నయ్యే అనుకుంటాం లెండి."

సీలు తీశారు. మంగతాయారుతో పాటు అందరికీ ఇంజెక్షన్లు పడ్డాయి. ఆవిడ మంచం అచ్చియ్యమ్మ మంచం పక్కన. సాయంత్రం భానుమూర్తి క్యారేజీ పట్టుకుని వచ్చేసరికి, "రండన్నయ్యగారూ, వదిన ఇప్పుడే కునుకు తీసింది, చప్పుడు చెయ్యకండి," అంది అచ్చియ్యమ్మ. ఆయనకు అర్థం కాలేదు. అటుపక్క నుంచి ఇంకొకరు అన్నయ్యా అన్నారు. తలుపు దగ్గరున్న పెద్దావిడ తమ్ముడూ అంది. విషయం తెలిశాక ఆయన చెమటలు కక్కుతూ హైమవతి దగ్గరికి వెళ్లాడు. ఇది తప్పుడు ధ్రువీకరణ అవుతుందని, ఉద్యోగం పోతుందని, తానైతే ఇలాంటిది చచ్చినా చేయనని అన్నాడు. మీరు చేయలేదు, నేను చేశాను, కాదని చెప్పదలిస్తే చెప్పండి అంది ఆవిడ. ఆయన చెప్పలేదు. చెప్పకుండా ఇంటికి వెళ్లాడు. మర్నాడు రెండు క్యారేజీలు తెచ్చాడు.

సంస్థ పేరు మళ్లీ ఎర్రబడింది. ఈసారి రాజధాని నుంచి సౌదామిని గారనే సీనియర్ అధికారిణి స్వయంగా తనిఖీకి వచ్చారు. ఆవిడ కళ్లజోడు పైనుంచి వార్డును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, భానుమూర్తిని ముందు నడవమన్నారు. వెనకాల డైరెక్టరు గారు చేతులు నలుపుకుంటూ వచ్చారు. హైమవతి గోడకు ఆనుకుని నిలబడింది. కాదంటే ఆయనకు పోయేది ఏమీ లేదని ఆవిడకు తెలుసు. మంగతాయారు ఆయన భార్యే. ఆవిడ ఇంజెక్షన్ ఎవరూ ఆపలేరు. మిగతావాళ్లను తాను ఎరగనని ఒక్క మాట అంటే, సస్పెండయ్యేది హైమవతి.

సౌదామిని గారు అచ్చియ్యమ్మ మంచం దగ్గర ఆగారు. "ఈవిడ మీకేమవుతారు?"

భానుమూర్తి భార్య వైపు చూశాడు. మంగతాయారు దిండు మీద నుంచి ఆయన్నే చూస్తోంది.

"మా చెల్లెలండి," అన్నాడు.

"ఈవిడ?"

"ఈవిడా చెల్లెలేనండి." తలుపు దగ్గరి పెద్దావిడను చూపించి, "ఆవిడ మా అక్కయ్య," అన్నాడు.

సౌదామిని గారు మెహరున్నీసా మంచం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆఖరి చెల్లెలని చెప్పాడాయన. గొంతు ఇప్పుడు స్థిరంగా ఉంది.

"మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగారావిడ.

"ఇరిగేషనేనండి. ఎక్కువగా క్యాంపుల్లో ఉండేవారు."

వార్డులో ఎవరూ నవ్వలేదు. సౌదామిని గారు ఇంకేమీ అడగకుండా కారెక్కారు. భానుమూర్తి వరండాలోకి వెళ్లి బెంచీ మీద కూలబడ్డాడు. నియమంగా బతికి నియమంగా పోయిన తండ్రిని ఇన్నేళ్లకు ఇలా నలుగురిలో నిలబెట్టినందుకు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. హైమవతి వచ్చి పక్కన కూర్చుంది. కాఫీ తాగుతారా అని ఆయన్ని అడిగింది. తాగుతానన్నాడు.

ఉద్యోగం పోతుందని ఇద్దరూ ఎదురుచూస్తూ ఉండగా రాజధాని నుంచి అభినందన వచ్చింది. తనిఖీ ఫలితంగా ఆ సంస్థలో మినహాయింపు పొందిన తోబుట్టువుల సంఖ్య అనే కొత్త అంశం లెక్కలోకి వచ్చిందని, ఆ అంశంలో వృద్ధి అపూర్వంగా ఉన్నందున సంస్థ పేరు ఆకుపచ్చగా మారిందని, ఇదే ఊపు కొనసాగించి వచ్చే నెల తోబుట్టువులను మరింత పెంచాలని అందులో ఉంది. త్రివిక్రమరావు గారు మళ్లీ స్వీట్లు పంచారు. పక్క జిల్లాల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి చేరారు. చేరినవాళ్లందరికీ భానుమూర్తి అన్నయ్యో తమ్ముడో అయ్యాడు. రంపచోడవరం నుంచి వచ్చిన ఒక కొండరెడ్డి ముసలమ్మకు కొడుకు వయసులో తమ్ముడు కావలసి వచ్చింది. వరసలు కలవకపోతే లెక్క తప్పుతుందని ఆయన సర్దుకున్నాడు.

మంగతాయారు గ్రంథులకు ఏమీ చేరలేదు. వేసవి అయ్యేసరికి ఇంటికి వెళ్లి ఆవకాయ కూడా పెట్టింది. ఎస్తేరు కోలుకుని మళ్లీ కూలికి వెళ్లింది. అచ్చియ్యమ్మకు అలా కాలేదు. ఇంజెక్షన్ ఆగిపోయిన ఆ వారాల్లో పాకినవి గ్రంథుల దాకా పాకాయి. ఆ వారాలు ఎవరి ఉత్తర్వు వల్ల వచ్చాయో వార్డులో అందరికీ తెలుసు. అచ్చియ్యమ్మ మాత్రం ఆయనతో ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆయనే ఒకసారి ఎత్తబోతే, వదినకి పప్పు బాగా ఉడికించి పెట్టండన్నయ్యగారూ అని మాట మార్చింది. వానలు మొదలయ్యే ముందు ఆవిడ తన ఇంట్లోనే పోయింది.

కబురు విని హైమవతి వెళ్లింది. ఫ్యాక్టరీ వెనక వీధిలో చిన్న డాబా. రొయ్యలు వొలిచే ఆడవాళ్లు అరుగు నిండా ఉన్నారు. స్నానం చేయించి సిద్ధం చేశారు కానీ, ఆడమనిషి కాబట్టి పుట్టింటి చీర కప్పాలి. పుట్టింటి వాళ్లు ఎవరూ మిగలలేదు. ఏం చేయాలో తెలియక పెద్దవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. అంతలో వీధి చివర ఆటో ఆగింది. భానుమూర్తి, మంగతాయారు దిగారు. ఆయన చేతిలో ఆకుపచ్చ అంచు ఉన్న కొత్త నేతచీర ఉంది. గుమ్మం దగ్గర ఒక ముసలాయన ఆపి, మీరు ఆవిడకేమవుతారు బాబూ అని అడిగాడు.

"అన్నయ్యనండి," అన్నాడు భానుమూర్తి.

ముసలాయన పక్కకు జరిగి దారిచ్చాడు.